తడి చేత్తో మూత పెట్టిన జాడీ

పాత మిలటరీ రైఫిలు కొన్నవాళ్ళ నోట ముందుగా వచ్చే ప్రశ్న బ్యారెల్ (గొట్టం) గురించి కాదు, తూటాను లోపలికి తోసి మూసే బోల్టు గురించి కాదు. "దీనికి మంచి కేసు ఏది?" అని. గట్టి ప్లాస్టిక్కు, చుట్టూ రబ్బరు రింగు, లోపల మెత్తటి ఫోము, రెండు తాళాలు. రైఫిలు ఆకారానికి ఫోము కోసి, అందులో పడుకోబెట్టి, మూత బిగించి మంచం కిందకు తోసేస్తే ఇక దాని గురించి ఆలోచించనక్కర్లేదని నమ్మకం. కేసు అనగానే మనవాళ్ళకు కోర్టు గుర్తొస్తుంది కాబట్టి ఇక్కణ్ణుంచి పెట్టె అనే అంటాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ పెట్టె దారి ప్రయాణానికే. ఇంట్లో రైఫిలుని అందులో ఉంచడం, ముఖ్యంగా కర్ర ఎక్కువగా ఉన్న పాత సైనిక రైఫిలుని ఉంచడం, దాన్ని చెడగొట్టడానికి దగ్గరి దారి. యుద్ధాలు చూసి, అరవై డెబ్బై ఏళ్ళు గోదాముల్లో పడివుండి కూడా చెక్కుచెదరని తుపాకీ, ఖరీదైన ఫోములో రెండు వేసవులు గడిచేసరికి నారింజరంగు మచ్చలతో బయటికి వస్తుంది. పెట్టె మీద పెట్టే డబ్బులో సగం రైఫిలుని సరిగ్గా చూసి కొనడం మీద పెట్టాల్సింది. అందుకే ముందు కొనడం గురించి.

ఇషాపూర్ నుంచి అమెరికాకు

ఈ సరదా అసలు అమెరికాది. మన దేశంలో .303, 7.62 సైనిక తూటాలు కాల్చే తుపాకులు మామూలు లైసెన్సుకు దొరకవు. అందుకే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పౌరులకోసం.315 బోరు స్పోర్టింగ్ రైఫిలు చేసింది. కానీ అదే ఫ్యాక్టరీ సైన్యానికి చేసినవి, అక్కడ పక్కన పెట్టేశాక, అమెరికాలో సర్‌ప్లస్‌గా దొరుకుతాయి. పోలీసు స్టేషన్ గుమ్మంలో సెంట్రీ భుజాన చూసిన త్రీనాట్‌త్రీని డాలస్‌లోనో, అట్లాంటాలోనో గన్ షో బల్ల మీద చూస్తే తెలుగువాడి చెయ్యి దానివైపు పోవడంలో వింత లేదు.

ఆ బల్ల మీద తరచుగా కనిపించేది 2ఏ, 2ఏ1. 1962 చైనా యుద్ధం తర్వాతి రోజుల్లో, పాత .303 రైఫిలు లీ ఎన్‌ఫీల్డ్ రూపాన్నే ఉంచి, 7.62 నాటో తూటాకు తగినట్టు మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసిన రైఫిలు ఇది. .303కి గొట్టం మార్చి చేసినది అని అమ్మేవాళ్ళలో సగంమంది చెబుతారు, అది తప్పు. గుర్తుపట్టడం తేలిక. మేగజీను పలకలా చదరంగా ఉంటుంది, 12 తూటాలు పడతాయి. వెనక గురి పలక మీద దూరం అంకెలు 2000 దాకా ఉంటే 2ఏ, 800తో ఆగితే 2ఏ1. కర్ర మొదలయ్యే చోట, కుడివైపు లోహపు మెడ మీద ఫ్యాక్టరీ గుర్తు, మోడలు, సంవత్సరం ఉంటాయి.

అదే బల్ల మీద ఇషాపూర్ పేరుతోనే ముగ్గురు దగా చుట్టాలు కూడా ఉంటారు. ముందు కర్రకు రాగితీగ చుట్టిన .303: గ్రెనేడ్లు విసరడానికి కేటాయించినది, దాని మీద ఏ భారం పడిందో తెలియదు. డీపీ ముద్ర ఉన్నది: డ్రిల్లు కోసం, కాల్చకూడదు, ఎంత అందంగా ఉన్నా సరే. మూడోది .410 మస్కెట్. రైఫిలులా కనిపించే నున్నటి గొట్టం; .303 తూటా గుల్లని మెడ నొక్కకుండా తిన్నగా వదిలిన మందుగుండు దానిది. షాపులో దొరికే .410 షాట్‌గన్ తూటా దానికోసం పుట్టింది కాదు. ఇవి కాక, అమెరికా వ్యాపారులు 2ఏ1 బ్యారెల్ కోసి పొట్టిచేసి 'జంగిల్ కార్బైన్' అని అమ్మినవి. కాల్చుకోవడానికి పనికిరావచ్చుగానీ, చరిత్ర కావాలనుకునేవాడికి అవి అక్కర్లేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. "మిత్రుడి రైఫిలే కదా, రేంజిలో నాలుగు తూటాలు కాల్చి ఇచ్చేస్తాను" అన్నది మినహాయింపు కాదు. గ్రీన్ కార్డు ఉంటే ఈ అడ్డు లేదు. కానీ పాత అమెరికా సైనిక రైఫిళ్ళు ఎం1 గారండ్‌లను అమ్మే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాంకి పౌరసత్వం కావాలి. 50 ఏళ్ళు దాటిన రైఫిళ్ళను వేరే రాష్ట్రం నుంచి నేరుగా ఇంటికి తెప్పించుకోవాలంటే 'క్యూరియో అండ్ రెలిక్' లైసెన్సు ఉంది: మూడేళ్ళకు 30 డాలర్లు. దానితోపాటు ప్రతి కొనుగోలూ అమ్మకమూ ఒక పుస్తకంలో రాసే బాధ్యత వస్తుంది, అది చాలామంది రెండో ఏటికి మర్చిపోతారు. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు కొనుగోలుదారు గుర్తింపు కార్డు తెచ్చుకోవాలి, పైగా అక్కడి నిషేధిత జాబితాలో ఎం1 కార్బైన్ పేరుతోసహా ఉంది. రెండో ప్రపంచ యుద్ధపు బొమ్మే కదా అని అక్కడి ఊరు ఎడిసన్‌కి తెచ్చుకుంటే ఆ కేసుకు తాళాలు వేరే ఉంటాయి.

చూడాల్సిన వరస

అమ్మేవాడు కర్ర మెరుపు చూపిస్తాడు. చూడాల్సింది మూతి. బ్యారెల్ చివర, తూటా బయటికి వచ్చే అంచు దగ్గర తూటాను తిప్పే మెలి గాళ్ళు పదునుగా ఉన్నాయా? సైనికులు చువ్వతో మూతివైపు నుంచి తుడిచి తుడిచి ఆ అంచును అరగదీస్తారు. రష్యన్ మరమ్మతు కేంద్రాలు ఇలా అరిగినవాటి మూతిని లోపలికి కొంతమేర వెడల్పుగా తొలిచి, చెడ్డ భాగాన్ని తీసేశాయి. ఇది మోసం కాదు, బాగుచేసే పద్ధతి. అలాంటివి చక్కగానే కొడతాయి. కాకపోతే మూతిలో తూటా దోపి ఎంత లోపలికి పోతుందో చూసే చిట్కా వాటి మీద పనిచెయ్యదు. పైనుంచి చూస్తే గాళ్ళే కనబడని ఆ గొట్టాన్ని చూసి భయపడి మంచి రష్యన్ రైఫిలు మోసిన్-నాగాంట్‌ను వదిలేసినవాళ్ళున్నారు. సరిగ్గా చూడక నిజంగా అరిగినదాన్ని 'తొలిచినది' అని కొన్నవాళ్ళూ ఉన్నారు. తొలిచిన చోట అడుగున గుండ్రటి అంచు స్పష్టంగా, గిరి గీసినట్టు ఉంటుంది.

తర్వాత నంబర్లు. బోల్టు మీద నంబరు, రిసీవరు (బోల్టు కదిలే లోహపు ఒడి) మీద నంబరు ఒకటేనా? ఒకటే అయినా, అది మొదట్లో కొట్టినదా, మరమ్మతు కేంద్రంలో పాతది కొట్టివేసి మళ్ళీ చెక్కినదా? రెండోది నాకు అభ్యంతరం లేని విషయం, ధర దానికి తగ్గట్టు ఉంటే చాలు. నంబర్లు కలవకపోతే మాత్రం, మూసిన బోల్టుకి తూటాని ఆపే చోటికి మధ్య దూరం, అంటే హెడ్‌స్పేస్ కొలవకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదు. .303 తూటా అడుగు అంచు మీద ఆగుతుంది కాబట్టి దాని కొలబద్దల్లో గో గేజ్ (దీని మీద బోల్టు మూసుకోవాలి) 0.064 అంగుళాలు, ఫీల్డ్ గేజ్ (దీని మీద మూసుకోకూడదు) 0.074. ఫీల్డ్ గేజ్ మీద బోల్టు మూసుకుంటే ఆ రైఫిలు గోడకే. నం.4 ఎన్‌ఫీల్డ్‌కి బోల్టు తలలు 0 నుంచి 3 దాకా నంబర్లతో వస్తాయి, మార్చి సరిచెయ్యొచ్చు. 2ఏ1 బోల్టు తల పాత నం.1 తరహాది, దానికి ఆ నంబర్ల సదుపాయం లేదు.

2ఏ1లో .308 (7.62 నాటోకి కవల లాంటి వాణిజ్య తూటా) కాల్చవచ్చా అన్న పాత తగాదా ఇక్కడే వస్తుంది. వాణిజ్య .308కి ఫీల్డ్ గేజ్ 1.638 అంగుళాలు; 7.62 నాటోకి అమెరికా సైన్యం వాడినది 1.6455. అంటే సైనిక రైఫిలు తూటా గది పొడవులో ఎక్కువ సడలింపు ఉండొచ్చు, సైనిక తూటా గుల్ల మందంగా ఉండి దాన్ని ఓర్చుకుంటుంది. వాణిజ్య గుల్ల పలచన. వేలమంది కాలుస్తున్నారు, ఏమీ కాలేదంటున్నారు, నిజమే కావచ్చు. అయినా గేజ్ పెట్టి చూసి, 7.62 నాటో స్థాయి మందుతోనే కాల్చమంటాను. ఆ గేజ్ ఖరీదు మంచి పెట్టె ఖరీదులో చిన్న ముక్క.

ఇక గ్రీజు. కాస్మొలిన్ (గోదాములో పెట్టేముందు పూసే చిక్కటి గ్రీజు) పట్టిన రైఫిలు చూసి ముక్కు మూసుకోకూడదు. అదే దాన్ని ఇన్నాళ్ళు కాపాడింది. లోహానికి మినరల్ స్పిరిట్స్ (రంగు పలచన చేసే ద్రవం), కర్రకు నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఎండలో పెట్టడం. కారిన గ్రీజు తుడుస్తూ ఉండాలి, రెండు మూడు మధ్యాహ్నాలు పడుతుంది. ఉప్పుకాగితంతో కర్ర రుద్దితే గ్రీజుతోపాటు ముద్రలు, వాటితోపాటు సగం విలువ పోతాయి. ఎస్‌కేఎస్ (తనంతట తానే తూటా నింపుకునే సోవియట్ రైఫిలు) అయితే ఫైరింగ్ పిన్ను (తూటా అడుగును కొట్టే సూది) తీసి తుడిచి తిరిగి పెట్టి, అది దాని రంధ్రంలో స్వేచ్ఛగా, ఊపితే చప్పుడయ్యేలా కదులుతోందో లేదో చూడాలి. గ్రీజు గడ్డకట్టి పిన్ను ముందుకు బిగుసుకుపోతే, బోల్టు మూసుకోగానే మీట నొక్కకుండానే పేలుతుంది, మేగజీను ఖాళీ అయ్యేదాకా ఆగదు. మోసిన్ బోల్టు తెరుచుకోకుండా మొరాయించడానికి కూడా తరచు కారణం ఇదే సరుకు, తూటా గదిలో కాలి లక్కలా అంటుకుపోయి ఉంటుంది.

42కి, 50కి మధ్య

పెట్టె దగ్గరికి వద్దాం. ఈనాటి పెట్టెలు ఈనాటి తుపాకుల కోసం చేస్తారు. ఏఆర్-15 లాంటివి 36, మహా అయితే 42 అంగుళాల్లో ఇమిడిపోతాయి. పాత సైన్యాలు మాత్రం బాయ్‌నెట్ ఎంత దూరం అందుతుందో చూసుకుని రైఫిలు పొడవు నిర్ణయించిన కాలానివి. ఎం1 గారండ్ 43.5 అంగుళాలు. స్విస్ కె31 43.6. జర్మన్ కార్ 98కె 43.7. ఎన్‌ఫీల్డ్, మన 2ఏ1 44.5. మోసిన్ 91/30 48.5. స్వీడిష్ ఎం96 49.5 పైనే. జపాన్ టైప్ 38 50 దాటుతుంది.

పెలికన్ కంపెనీ పెట్టెల్లో 1720 మోడలు లోపలి పొడవు 42 అంగుళాలు, 1750 మోడలు లోపలి పొడవు 50.5. ఈ రెండింటి మధ్యనే సర్‌ప్లస్ ప్రపంచం సగానికి పైగా ఉంది. గారండ్ కొన్నవాడు పెట్టె మీది బయటి కొలత చూసి 1720 తెప్పించి, అంగుళంన్నర తేడాతో తిప్పి పంపడం ఎంత మామూలంటే, అది ఈ సరదాలో చేరినట్టు గుర్తుగా పెట్టుకోవచ్చు. లెక్కలు వచ్చినవాళ్ళు మరొక అడుగు ముందుకు వేస్తారు: 42, 13.5 అంగుళాల పెట్టెకు ఐమూల 44.1 కాబట్టి గారండ్ ఐమూలగా పడుతుంది కదా! పైథాగరస్ గీత గీశాడు, రైఫిలు గీయలేదు. భుజానికి ఆనే మడమ దగ్గర దానికి ఐదంగుళాల వెడల్పు ఉంది.

లోతూ చూడాలి. ఈ పెట్టెలకు లోపల ఐదుంబావు అంగుళాలే. మోసిన్ 91/30ని పక్కకు పడుకోబెడితే దాని తిన్నటి బోల్టు పిడి నిలువుగా లేచి మూత ఫోముకు గుచ్చుకుంటుంది. బోల్టు తీసి విడిగా పెట్టడమే దారి. ఎలాగూ ప్రయాణంలో అదే మంచిది. అయితే రెండు ఎన్‌ఫీల్డ్‌లను ఒకే పెట్టెలో పెట్టి, రెండు బోల్టులనూ ఒకే గుంటలో పడేసినప్పుడు జరిగేది ఊహించవచ్చు. రేంజిలో తొందరలో ఒకదాని బోల్టు ఇంకోదాంట్లోకి పోతుంది. చక్కగా పడుతుంది కూడా, అదే ప్రమాదం. పైన చెప్పిన హెడ్‌స్పేస్ కొలత అంతా ఆ క్షణంలో వృథా. బోల్టుకి తీగతో చిన్న బిళ్ళ కట్టి రైఫిలు నంబరు రాయడానికి రెండు నిమిషాలు చాలు.

ఎస్‌కేఎస్ 40 అంగుళాలు, ఎం1 కార్బైన్ 35.6, వీటికి ఈ బాధ లేదు. యుగోస్లావ్ ఎస్‌కేఎస్ మూతికి గ్రెనేడ్ గొట్టం ఉంటుంది కాబట్టి టేపు పెట్టి కొలవకుండా కొనొద్దు.

చెమ్మ లెక్క

ఇప్పుడు అసలు గొడవ. "ఈ పెట్టెలోకి నీళ్ళు పోవు, కాలవలో పడేసినా తేలుతుంది" అంటారు. నిజమే. కానీ లోపలున్న చెమ్మ బయటికీ పోదు. తడి చెయ్యి పెట్టిన ఆవకాయ జాడీకి వాసెన ఎంత బిగించి కడితే మాత్రం ఏం లాభం?

లెక్క చూద్దాం. 50.5, 13.5, 5.25 అంగుళాల పెట్టె లోపలి చోటు సుమారు 59 లీటర్లు. 30 డిగ్రీల వేడిలో, ఇక పట్టలేనంత తేమతో ఉన్న గాలి ఘనమీటరుకు 30 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. కాబట్టి పెట్టె నిండా ఉక్కపోత గాలి నింపినా అందులో నీళ్ళు రెండు గ్రాముల లోపే. దీన్ని చూపించే "ఓ చిన్న సిలికా జెల్ పొట్లం చాలు" అంటారు.

కానీ గాలి ఒక్కటే లోపల లేదు. కర్ర ఉంది. 2ఏ1 కర్ర భాగాలన్నీ కలిపి కిలో అనుకుందాం. 70 శాతం తేమ ఉన్న గాలిలో నిలకడగా ఉన్న కర్ర తన బరువులో దాదాపు 13 శాతం నీటిని పట్టుకుని ఉంటుంది. 30 శాతం తేమలో అయితే 6 శాతం. అంటే ఆగస్టులో హ్యూస్టన్ గరాజ్‌లో మూసిన పెట్టెలో గాలిలో ఉన్నది రెండు గ్రాములు, కర్రలో ఉన్నది వంద గ్రాముల పైన. పగలు వేడెక్కినప్పుడు కర్ర కొంత వదులుతుంది. ఆ ఆవిరి పోయి వాలేది లోపల ఇంకా వేడెక్కకుండా చల్లగా ఉన్న చోట, అంటే ఉక్కు మీద. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు చెమర్చడం అందరూ చూసిందే; ఇక్కడ ఆ చెమట తుడిచే చెయ్యి లేదు.

దీనికి ఫోము తోడు. గుడ్డు అట్టలా ఎగుడుదిగుడుగా ఉండే మెత్తటి పాలియూరితేన్ ఫోము కణాలు తెరిచి ఉంటాయి. అది స్పాంజి, చెమ్మ పీల్చి, రైఫిలు దానికి ఆనిన ప్రతిచోటా తడిగుడ్డ చుట్టినట్టు పట్టుకుంటుంది. తుప్పు మచ్చలు చూస్తే తెలిసిపోతుంది: రైఫిలు కింది పక్క, ఫోము తగిలిన గీత వెంబడి వస్తాయి, పై పక్క నిగనిగలాడుతూనే ఉంటుంది. కణాలు మూసుకున్న పాలిథిలీన్ ఫోము మేలు, నీటిని పీల్చదు. కానీ అదీ ఉక్కుకు ఆనుకుని గాలి ఆడనివ్వదు. పైగా రష్యన్ మరమ్మతు రైఫిళ్ళ కర్రకు వేసింది లక్క పూత. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో ఆ లక్క మెత్తబడి ఫోముకి అంటుకుంటుంది, తీసినప్పుడు కర్ర మీద ఫోము గళ్ళ అచ్చు మిగులుతుంది. ఆ అచ్చును ఆల్కహాలుతో తుడవబోతే మొత్తం పూతే కరిగి చేతికి వస్తుంది. ఇంకా చెప్పాలంటే, పాత ఫోము ఏళ్ళు గడిచాక తనంతట తానే పొడి అయి, జిగురై, యంత్రం సందుల్లోకి దిగుతుంది.

కంపెనీలు ఒత్తిడి సమం చేసే వాల్వు పెట్టాం అంటాయి. విమానంలో మూత బిగుసుకుపోకుండా అది ఉండాలి. అది నీటి చుక్కను ఆపుతుంది. గాలిని మాత్రం రానిస్తుంది, గాలి వెంట ఆవిరీ వస్తుంది. పగలూ రాత్రీ వేడి మారిన ప్రతిసారీ పెట్టె ఒక ఊపిరి తీస్తుంది.

ఆయుధశాలలవాళ్ళు ఏం చేశారో చూడండి. శుభ్రం చేసి, ఆరబెట్టి, గ్రీజులో ముంచి, మైనపు కాగితం చుట్టి చెక్క పెట్టెల్లో పెట్టారు. మోసిన్‌లు పెట్టెకు 20, మధ్యలో చెక్క ఆనింపులు, ఫోము అన్న మాటే లేదు. ఆ చెక్క పెట్టె గాలి పీలుస్తుంది, వదులుతుంది. రైఫిలును కాపాడింది గ్రీజు పొర, పెట్టె కాదు. మనం గ్రీజు కడిగేసి, పెట్టెను గాలి చొరకుండా బిగించి, వాళ్ళు చేసిన రెండు పనులకూ తలకిందులు చేస్తున్నాం.

అన్నిటికన్నా ఘోరమైన కలయిక ఒకటుంది. మోసిన్ కాల్చే పాత సోవియట్ 7.62x54ఆర్ సర్‌ప్లస్ తూటాల ప్రైమరులో (మందును అంటించే అడుగు బిళ్ళలో) పొటాషియం క్లోరేట్ ఉంటుంది, కాలాక గొట్టంలో మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఒక రకం ఉప్పు. వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా ఎలా నీరుగారుతుందో ఇదీ అంతే. గాలిలో తేమ 85 శాతానికి చేరేసరికి తడిసి ముద్దవుతుంది. నూనె దాన్ని కరిగించదు. వేడినీళ్ళు కరిగిస్తాయి. శనివారం రేంజిలో 40 తూటాలు కాల్చి, చెమట పట్టిన చేతులతో పెట్టెలో మూసి, వచ్చే వారం చూద్దాంలే అనుకున్న మోసిన్ గొట్టం ఆ వచ్చే వారానికి లోపల ఇసుక పోసినట్టు అవుతుంది. .303 వాళ్ళకూ ఇదే హెచ్చరిక. గ్రీకు హెచ్‌ఎక్స్‌పీ తూటాలు ఉప్పు మిగల్చవు. పాకిస్తాన్ పీఓఎఫ్ పాత సరుకు మిగల్చడమే కాదు, మీట నొక్కాక ఒక్క క్షణం ఆగి పేలుతుందని పేరుమోసింది.

తాళం సంగతేమిటి?

నా వాదనకు ఎదురుగా గట్టిగా నిలబడే మాట ఇది: ఇంట్లో పిల్లలున్నారు, అపార్ట్‌మెంటులో పెద్ద ఇనప బీరువా పెట్టే చోటు లేదు, తాళం వేసిన పెట్టె తప్ప ఇంకేం ఉంది? దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. తుప్పు పట్టిన రైఫిలు నష్టమే, పిల్లవాడి చేతికి చిక్కిన రైఫిలు నష్టం అన్న మాటకు అందదు.

కానీ తాళం, పెట్టె వేరువేరు. బోల్టు రైఫిలులో బోల్టు తీసేస్తే అది కర్రా ఇనుమూ. 2ఏ1 బోల్టును పూర్తిగా వెనక్కి లాగి, దాని తలను పైకి తిప్పితే ఊడివస్తుంది. ఆ బోల్టు ఒక గదిలో చిన్న తాళంపెట్టెలో, తూటాలు వేరే తాళంలో, మిగతా రైఫిలు పలచటి ఇనప అలమరలో లేదా బోల్టు దారిలోంచి తీగ తాళం వేసి గోడకు. అది గాలి ఆడుతూ ఉంటుంది. గారండ్, ఎస్‌కేఎస్‌లకు ఈ సుఖం లేదు. వాటికి తీగ తాళంతోపాటు ఇనప అలమర తప్పదు. నాలుగు రైఫిళ్ళు పట్టే తేలికపాటి ఇనప అలమర ధర పేరున్న ఒక పెట్టె ధర కన్నా ఎక్కువేమీ కాదు, చాలాసార్లు తక్కువే. అలమరలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి 40, 50 శాతం మధ్య ఉంచాలి. అంతకన్నా బాగా ఎండగడితే కర్ర పగులుతుంది. అడుగున వేడి కడ్డీ ఒకటి ఉంటే చాలు.

ఇంకో ఎదురుమాట: "ఫలానాయన ఇరవై ఏళ్ళుగా పెట్టెలోనే ఉంచాడు, ఒక్క మచ్చ లేదు." ఆయన ఫీనిక్స్‌లోనో డెన్వర్‌లోనో ఉండి ఉంటాడు. ఎడారి గాలిలో ఎండిన కర్రను మూస్తే జాడీలో పొడి చెయ్యి పెట్టినట్టే. న్యూజెర్సీ బేస్‌మెంటుకి ఆ అనుభవం బదిలీ కాదు. అక్కడ ఇరవై ఏళ్ళు కాదు, ఒక్క జులై చాలు.

నిజంగా గత్యంతరం లేక పెట్టెలోనే ఉంచాల్సి వస్తే ఇలా. ఫోము మొత్తం తీసెయ్యాలి. వేసవిలో కాదు, హీటరు నడిచి ఇల్లు ఎండిన చలికాలంలో రైఫిలుని కొన్ని వారాలు గదిలో బయట ఉంచి కర్రను ఆరనిచ్చాక మూయాలి. లోహానికి నూనె పలచగా కాదు, మందంగా. రైఫిలుకి రెండు చోట్ల మాత్రమే ఆనింపు, కర్ర భాగం కిందే. సిలికా జెల్ 100 గ్రాములు. తన బరువులో ఐదో వంతు నీటిని అది సుఖంగా పట్టుకుంటుంది, అంటే 20 గ్రాములు. కర్ర నుంచి రెండు శాతం నీరు రావడానికి సరిపోతుంది, ఏడు శాతానికి సరిపోదు, అందుకే ముందు ఆరబెట్టమన్నది. నెలకోసారి తెరిచి, రంగు మారితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్ళీ పెట్టాలి. లేదంటే తుప్పు నిరోధక ఆవిరి వదిలే ప్లాస్టిక్ సంచులు, వీసీఐ అంటారు, వాటిలో చుట్టి మూయాలి. రెండూ ఒకే సంచిలో వద్దు. సిలికా ఆ ఆవిరిని కూడా మింగుతుంది.

దారిలో పెట్టెదే రాజ్యం

ఇంతా తిట్టాక పెట్టెకు దక్కాల్సిన మర్యాద ఇవ్వాలి. విమానంలో వేరే దారి లేదు: గట్టి పెట్టె, ఏ మూలా పైకి లేపి చెయ్యి దూర్చలేనట్టు తాళాలు, తూటా లేని రైఫిలు, చెకిన్ కౌంటరులో ముందే చెప్పడం, తాళంచెవి ప్రయాణికుడి దగ్గరే. చవక పెట్టెల్లో తాళం రంధ్రాలు రెండే ఉంటాయి, మూలలు వంగి వేళ్ళు దూరతాయి, అక్కడే ఆపేస్తారు. నాలుగు రంధ్రాలున్నదైతే నాలుగుకీ తాళాలు వేయాలి. 50 అంగుళాల పెట్టె ఖాళీగానే 10 కిలోలు దాటుతుంది. 2ఏ1 నాలుగున్నర కిలోల పైన. రెండు రైఫిళ్ళు పెట్టినా చాలా విమానాల 23 కిలోల హద్దులోనే ఉంటుంది. అందులోనే తూటాలు కూడా కుక్కితే మాత్రం అధిక బరువు రుసుము ఖాయం.

కారులో రేంజికి అయితే అంత హంగు అక్కర్లేదు. న్యూజెర్సీ చట్టమే అడిగేది ఖాళీ చేసిన తుపాకీ, మూసి బిగించిన సంచో పెట్టో, లేదా తాళం వేసిన డిక్కీ. 48 అంగుళాల కాన్వాస్ సంచి 2ఏ1కి హాయిగా సరిపోతుంది, 91/30కి పొట్టి అవుతుంది. లోపల గొర్రెబొచ్చు లాంటి అస్తరు ఉంటే అదీ ఫోము బంధువే, సంచిలో వదిలెయ్యకూడదు. తోలు సంచులు ఫొటోలకు బాగుంటాయి. తోలు ఊనడానికి వాడిన ఆమ్లాలు ఉక్కును తింటాయి.

చలికాలంలో ఇంకో చిన్న సంగతి. గడ్డకట్టిన డిక్కీలోంచి రైఫిలుని ఇంట్లోకి తెచ్చి వెంటనే తెరిస్తే క్షణంలో చెమరుస్తుంది. పెట్టె మూసే ఉంచి, లోపల గది వేడికి వచ్చేదాకా, అంటే నాలుగైదు గంటలు, ఆగాలి. పెట్టె బిగుతు పనికొచ్చే అరుదైన సందర్భం ఇది. ఉప్పు తూటాలు కాల్చిన రోజైతే ఆ నాలుగైదు గంటలు ఉండవు కాబట్టి, వేడినీళ్ళ పని రేంజిలోనే ముగించుకోవాలి: ఫ్లాస్కులో లీటరు మరిగిన నీళ్ళు, గరాటు, పాత తువ్వాలు, నూనె గుడ్డ. ఇంటికి వచ్చి తెరిచాక రైఫిలు అలమరలోకి, పెట్టె మూత బార్లా తెరిచి ఫ్యాను కిందకి. ఫోము ఆరడానికి ఒక రాత్రి సరిపోదు, రెండు రాత్రులు.